దిండి ఫొటో పంపమన్నవారికి



కిందటి నెలలో కువైట్ నుంచి మన సహోదరి ఒకామె శుక్రవారం ఆరాధన అయ్యాక ఫోన్ చేశారు. "అయ్యగారూ, చించినాడ వంతెన మీద నుంచి దిండి ఫొటో ఒకటి తీసి పెట్టండి. మా ఊరు ఎలాగుంటుందో ఇక్కడోళ్ళకి చూపిస్తానండి" అన్నారు. తీసి పెట్టాం. వశిష్ఠ గోదావరి, గట్టున కొబ్బరిచెట్లు, నీళ్ళ మీద ఒక హౌస్‌బోటు. చాలా బాగా వచ్చింది. ఆ రాత్రి ఆ ఫొటో మళ్ళీ చూసుకుంటే మనసు ఒప్పలేదు. అందులో ఊరుంది గానీ ఆమె ఇల్లు లేదు.

మన రాజోలు చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తున్నారు. రానివ్వండి, చూడదగ్గ సీమే. అయితే వాళ్ళు ఆగకుండా వెళ్ళిపోయే చోటు ఒకటుంది, మా దృష్టిలో అదే అన్నిటికంటే గొప్ప వింత. గన్నవరం అక్విడక్ట్. కింద వైనతేయ పారుతుంటే, పైన మన కాలువ ఆ నదిని దాటి వస్తుంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కానీ ఆ నీళ్ళు మన వైపుకి రావాలంటే మధ్యలో ఇంకో పాయ అడ్డం. అందుకని నీళ్ళకే వంతెన వేశారు. ఇప్పుడున్న వంతెనకి, వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మన కంచంలో మెతుకు అలా నది దాటి వచ్చిందే.

మరి ఇంత అన్నం ఉన్న సీమలో మన అక్కచెల్లెళ్ళు సముద్రాలు దాటి వేరేవాళ్ళ గిన్నెలు ఎందుకు తోముతున్నారు?

బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని మీకు చాలాసార్లు చెప్పాం. నయోమి కుటుంబం కరువొచ్చి మోయాబుకు వెళ్ళింది ఆ రొట్టెల ఇంటి నుంచే. పచ్చదనం చూసిపోయేవాళ్ళకి తెలియనిది ఇదే: తోట ఒకరిది, దింపు తీసే చెయ్యి ఇంకొకరిది. గునపం మీద కాయ గుచ్చి పొద్దస్తమానం ఒలిచే అతనికి అంబాజీపేటలో రేటు పెరిగినా తగ్గినా పెద్ద తేడా ఉండదు. రేటు మరీ పడిపోతే మాత్రం పనే ఉండదు. ఆడపిల్ల పెళ్ళి, ఆసుపత్రి, వడ్డీ, దాని మీద ఏజెంటు అప్పు. కాబట్టి వెళ్ళినవాళ్ళని మేము తప్పుపట్టం. ఇక్కడ కూర్చుని తప్పుపట్టే హక్కు మాకు లేదు.

1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు, మంట ఆరాక తిరిగొచ్చి ఇళ్ళు చిమ్ముకున్నారు. ఇప్పుడు వెళ్ళినవాళ్ళు అలా రావడం లేదు. అప్పు తీరాక డాబా, డాబా అయ్యాక పైన ఇంకో అంతస్తు. ఆ మేడకి తాళం ఉంటుంది. అమ్మమ్మ, పిల్లలు వెనకాల పాత వంటింట్లోనే ఉంటారు.

సంక్రాంతికి ఒక సహోదరి నాలుగేళ్ళ తర్వాత ఇంటికొచ్చారు. పేరు చెప్పకుండా రాయమన్నారు కనుక రాస్తున్నాం. మధ్యాహ్నం కూతుర్ని దగ్గరికి పిలిచి "అన్నం పెట్టనామ్మా?" అని అడిగారట. ఆ పిల్ల సమాధానం చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, "అమ్మమ్మా, ఆవిడ అన్నం పెడతానంటున్నారు" అందట.

ఆవిడ. అంటున్నారు. మన సీమ పిల్లలకి మర్యాద మనం బాగానే నేర్పాం.

ఇందులో మా తప్పూ ఉంది, దాచుకోం. మందిరంలో టైల్స్ వేయించినప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన కానుకలు ఎవరెవరివో మైకులో చదివాం, చప్పట్లు కొట్టించాం. ఆ చప్పట్లు విని ఇంకో రెండేళ్ళు ఉందామనుకున్నవాళ్ళు ఎందరో మాకు తెలియదు. ఇకమీదట కానుకల పేర్లు చదవం. తిరిగొచ్చినవారి పేరు చెప్పి వాళ్ళ కోసం ప్రార్థన చేస్తాం.

మీతో ఒక్క మాట, కోపగించుకోకండి. అప్పు తీరేదాకా ఉండండి, కాదనం. తీరిన రోజున మాత్రం పై అంతస్తు లెక్క వేసుకోకుండా, పిల్ల ఏ తరగతికి వచ్చిందో లెక్క వేసుకోండి. ఒక అంతస్తు తగ్గితే ఇల్లు కురవదు. ఒక ఏడాది ముందే వస్తే ఆ పిల్ల "ఆవిడ" అనడం మానేస్తుంది. వచ్చాక ఏం తినాలి అంటారా? అది మీ ఒక్కరి దిగులు కాకూడదు. తోటలున్నవాళ్ళు, దుకాణాలున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళతో విడిగా మాట్లాడుతున్నాం, ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు.

ఫొటో అడిగిన సహోదరికి: ఈ ఆదివారం దిండి ఫొటో పంపం. కూడిక అయ్యాక మీ ఇంటికి వెళ్ళి, మీ వాడి లెక్కల నోటుబుక్కు ఫొటో తీసి పంపుతాం. మార్కులు తక్కువే వచ్చాయి. ఫోన్‌లో కసరకండి. మీరు పెట్టిన రంగు పెన్సిళ్ళతో అట్ట మీద కువైట్ అని రాసి, పక్కన విమానం బొమ్మ గీశాడు. దాని ముక్కు మన ఊరి వైపే ఉంది.