సైన్యపు బాకీకి తెలుగు నేల

అమీర్‌పేట కూడలిలో ఎల్.బి.నగరు దిక్కునకు పోవు మెట్రో రైలెక్కినవారికి మలక్‌పేట దాటిన పిమ్మట మూసారాంబాగు అను స్టేషను తగులును. ఈ మూసారాము మరెవరో కాడు. నిజాం అలీఖాను కొలువున 1786 మొదలు 1798 మార్చిలో మరణించువరకు దండు నడపిన ఫ్రెంచివాడు రేమాండు. హిందువులకు రాముడు, ముస్లిములకు మూసా అయ్యెనని ముచ్చటగా చెప్పుకొందురు. చెప్పుకొనవచ్చును. కాని ఆ దండునకు తుపాకులెవరివి, జీతమెవరిచ్చిరి అని విచారించువారు అరుదు.

రేమాండు తొలుత కూర్చిన మున్నూరు మంది చేతి తుపాకులు అతనివి కావు, నిజామువియు కావు. తన దేశపు వర్తకునియొద్ద తుపాకి యొక్కింటికి నెలకు ఎనిమిదణాల బాడుగకు తెచ్చినవని నాటి ఆంగ్లేయుల వ్రాతలు చెప్పుచున్నవి. దినదినము పెరిగి ఆ దండు పదునాలుగు వేలకు చేరెను. ఫిరంగులు పోయు కార్ఖానా వెలసెను. గన్‌ఫౌండ్రీ అను పేట పేరు దానిదే. ఫ్రాన్సున రాజు తల తెగిన తరువాత ఈ దండుపైనను మూడు రంగుల పతాకమెగిరెను. సమత్వమను మాట గల ఆ పతాకము క్రింద నిలిచిన సిపాయికి మాత్రము జీతము బాకీ!

ఆ బాకీయే ఆంగ్లేయుల అక్కరకు వచ్చెను. 1798 సెప్టెంబరు 1వ తేది సంధిలో ఫ్రెంచి దండును రద్దు గావించుటకు నిజాము ఒప్పుకొనెను. అక్టోబరులో సిపాయిలు జీతములకై తిరుగబడి, రేమాండు తరువాతి దొరయగు పిరానును నిర్బంధించిరి. ఆ సందున రెసిడెంటు కర్క్‌పాట్రిక్కు కంపెనీ పటాలములతో చుట్టుముట్టించి, బాకీ చెల్లింపబడునని నమ్మబలికి, 22వ తేదిని నెత్తురు చిందకుండ ఆయుధములు దింపించెను. దీనిని దౌత్యచాతుర్యమని కొనియాడువారు కలరు. మా దృష్టికి ఇది ఒక గుత్తేదారుని తొలగించి మరియొక గుత్తేదారుని నిలుపుట. క్రొత్తవాని వెల ఏటికి 24,17,100 రూపాయలు. రెండేండ్లు తిరుగకమున్నె, 1800 అక్టోబరు 12వ తేది సంధితో, సైన్యపు ఖర్చునకు బదులుగా బళ్ళారి, కడప, అనంతపుర ప్రాంతములును కర్నూలు సీమలో కొంతయు కంపెనీ పరమయ్యెను. 1928లో నంద్యాల సభ రాయలసీమ అని పేరిడువరకు మనవారు పలికిన ‘దత్తమండలము’ అను మాట ఈ బిల్లునకు రసీదు.

తరువాత బయలుదేరినవాడు విలియం పామరు. ఔరంగాబాదు దళములకు నెలనెల జీతపు సొమ్ము సమకూర్చుట ఆతని కొఠీ వ్యాపారము. చందూలాలు దివాణములో నూటికి ఇరువదికి మించిన వడ్డీ. స్వదేశ సంస్థానములకు అప్పులిచ్చుటను నిషేధించిన 1797 నాటి శాసనము నుండి 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ఆ కొఠీకి మినహాయింపు దయచేసెను. 1820లో 60 లక్షల ఋణము వ్రాయించిరి. అందు 8 లక్షలు భాగస్వాములకు బహుమానముగా పోయినవని రెసిడెంటు మెట్కాఫు బయటపెట్టెను. బాకీ తీర్చి కొఠీని వదలించుకొనగా, తమకన్యాయము జరిగెనని వారి మొర! 1825లో లండనున కంపెనీ వాటాదారుల సభ దినములతరబడి ఆ వ్యవహారము చర్చించెను. జీతములకై తిరుగబడిన సిపాయి మొరకు అట్టి సభ యెచ్చటను కూడలేదు.

బాకీ తీర్చిన సొమ్ము ఎచ్చటిదందురా? ఉత్తర సర్కారులకుగాను కంపెనీ నిజామునకు ఏటేట చెల్లించవలసిన 7 లక్షల పేష్కషును 1823లో ఒక్కమారుగా వెలకట్టి, కోటి పదునారు లక్షలకు పైచిలుకిచ్చి శాశ్వతముగా రద్దు చేసికొనిరి. అనగా గంజాము నుండి గుంటూరు వరకు గల తెలుగు నేలపై నిజామునకు మిగిలిన హక్కు వడ్డీవ్యాపారి పద్దులో జమయయ్యెను. ఆ నేల దున్నువాని నడిగినవారు లేరు.

మూసారాంబాగునకు సమీపమున రేమాండు సమాధి నేటికిని నిలిచియున్నది. దానిని రక్షించు శాఖవారు అచ్చట ఒక పలక నిలిపి, దండనాయకుని గుణగణములతోపాటు, ఆతని సిపాయిలు 1798 అక్టోబరులో దేనికొరకు తిరుగబడిరో కూడ రెండు పంక్తులలో తెలుగున వ్రాయింపవలెనని మా కోరిక.