కుక్క మెడలో మూగబిళ్ళ

మా ఇంట సరమ అనే ఆడకుక్క ఉన్నది. నాటుకుక్కకు ఇంత పేరా అని నవ్వే మిత్రులకు ముందుగా ఒక మాట. పణులు దాచిన గోవుల జాడ తీయడానికి ఇంద్రుడు పంపిన దేవశుని పేరు సరమ. ఋగ్వేదం పదవ మండలం, నూట ఎనిమిదవ సూక్తం ఆమె సంవాదమే. భారతకథ మొదట్లో జనమేజయుని తమ్ములు నిష్కారణంగా కొట్టి తరిమిన సారమేయుడు ఆమె కొడుకు. తప్పిపోయినవాటిని వెదకిపట్టే వంశం అది! మా సరమ మాత్రం 2025 దీపావళి రాత్రి తానే తప్పిపోయింది.

తప్పిపోవడం వింత కాదు. ఔట్ల మోతకు బెదరి గోడ దూకని కుక్క ఏ ఊళ్ళో ఉన్నది? వింత ఏమిటంటే, దాని మెడలో జాడబిళ్ళ ఉండగా తప్పిపోవడం. (ట్రాకింగ్ ట్యాగ్ అనే వస్తువుకు ఈ మాట నేను కల్పించుకున్నది. ఇంతకంటె మంచిది తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.) అమెరికాలో ఉద్యోగం చేసే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినపుడు ఆ బిళ్ళను వెంట తెచ్చి, తన ఫోనుతో ముడిపెట్టి, సరమ మెడపట్టీకి తగిలించి వెళ్ళాడు. "నాన్నగారూ, ఇక ఇది ఎక్కడికి పోయినా మనకు చింత లేదు" అన్నాడు. వాడు విమానమెక్కిన రెండు రోజులకు కుక్క మెడలో కీచురాయి కాపురం పెట్టినట్లు కిచకిచలు మొదలైనవి. మా ఆవిడ హడలిపోయింది. విచారించగా తెలిసిందేమంటే, యజమాని ఫోనుకు దూరమైన బిళ్ళ కొన్ని గంటల తరువాత కదిలినప్పుడల్లా అలా అరుస్తుందట. ఒకరికి తెలియకుండా మరొకరు ఈ బిళ్ళను సంచిలో వేసి వెంటాడకుండా చేసిన ఏర్పాటట. మంచి ఏర్పాటే. కాని కుక్క తెనాలిలోనూ దాని యజమాని అట్లాంటిక్ ఆవలనూ ఉన్న సంసారానికి అది ఏమి పనికివస్తుంది?

ఆ రాత్రి అబ్బాయే ఫోను చేశాడు. తొమ్మిదీ నలభైకి సరమ రైలుస్టేషను దగ్గర ఉన్నదని పటంలో చుక్క కనిపించింది. పరుగున వెళ్ళాం. లేదు. మరునాడు పొద్దున అడిగితే చుక్క అక్కడే ఉన్నదన్నాడు. మళ్ళీ వెళ్ళాం. ప్లాట్‌ఫారాల మీదా, రిక్షాల స్టాండు వెనుకా రెండు రోజులు తిరిగాం. చుక్క కదలలేదు. కదలనిది చుక్క మాత్రమే, కుక్క కాదని మాకు తట్టలేదు.

నేను దాచకుండా చెప్పదలచిన తప్పు ఇక్కడ ఉన్నది. ఆ రెండు రోజులూ మా వీధిలో ఎవరినీ అడగలేదు. పాలవాణ్ణి అడగలేదు, పేపరు కుర్రవాణ్ణి అడగలేదు, బళ్ళో పిల్లలకు చెప్పలేదు. నలభై ఏండ్లు పాఠం చెప్పిన ఊళ్ళో ప్రతి సందులోనూ నా శిష్యుడొకడు ఉంటాడు కదా, వాళ్ళకు కబురంపాలన్న బుద్ధి పుట్టలేదు. ఎందుకు పుట్టాలి? పటం ఉన్నది కదా!

మూడవనాటి ఉదయం పాలవాడే అన్నాడు: "మాస్టారూ, కాలవ అవతల ఇడ్లీబండి దగ్గర కట్టేసున్నది మీ కుక్కలాగే ఉందండీ." మా ఇంటికి అది అరమైలు కూడా ఉండదు. బండి నడిపే ఇల్లాలు దీపావళి అర్ధరాత్రి వణుకుతూ వచ్చిన సరమను చేరదీసి, మూడు రోజులుగా ఇడ్లీలు పెడుతూ, వచ్చినవారినల్లా ఎవరి కుక్క అని అడుగుతూనే ఉన్నది. మెడలో బిళ్ళ చూడలేదా అమ్మా అన్నాను. "చూశానండీ. ఏదో తాయెత్తు కట్టారనుకున్నాను. దాని మీద మీ పేరో నంబరో రాసి ఉంటే ఆ రాత్రే కబురు చేసేదాన్ని కదండీ" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు. ఉన్నదని వాదించే వారితోనే ఈ నా తగవు.

అసలు ఈ బిళ్ళ చేసే పని ఏమిటో చాలామందికి తెలియదు. దానిని ఉపగ్రహాలతో మాట్లాడే వస్తువని తలుస్తారు. కాదు. ఆపిల్ వారు 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన ఎయిర్‌ట్యాగ్ గాని, అదే ఏడు వచ్చిన శామ్‌సంగ్ వారి బిళ్ళ గాని, మన జియో వారి బిళ్ళ గాని చేసేది ఒకటే. చిన్న నాణెపు బ్యాటరీతో, బ్లూటూత్ ద్వారా, "నేనిక్కడున్నాను" అని మెల్లగా అంటూ ఉంటాయి. ఆ మాట కొన్ని గజాల దూరం పోతుంది. ఆ దూరంలో తన జాతి ఫోను ఏదైనా ఉంటే అది విని, తానున్న చోటును యజమానికి చేరవేస్తుంది. చుట్టుపక్కల అలాంటి ఫోను లేకపోతే బిళ్ళ అరణ్యరోదనం చేస్తుంది. పటంలో కనిపించేది కుక్క ఉన్న చోటు కాదు, చివరిసారి ఒక ఫోను దానిని విన్న చోటు. స్టేషనులో రైలు దిగిన ఏ బాటసారి ఫోనో విన్నది, ఆ బాటసారి పోయాడు, కుక్కా పోయింది. చుక్క మిగిలింది.

గూగుల్ వారు 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇలాంటి వలయే పన్నారు. మన దేశంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆ ఫోన్లే కనుక ఆశ కలుగుతుంది. అయితే దానిలో మామూలుగా ఉండే అమరిక ప్రకారం, పలు ఫోన్లు విన్న రద్దీ ప్రదేశాలలోనే జాడ చెప్తుంది. గోప్యత కోసం అలా చేశారు, తప్పు పట్టను. కాని బెదరిన కుక్క రద్దీలోకి పోతుందా? రైసుమిల్లు వెనక్కు, కాలవగట్టు తుమ్మల్లోకి, పాడుపడ్డ ఇంటి అరుగు కిందికి పోతుంది. బిళ్ళకు ఏది బలమో కుక్కకు అదే భయం.

నేను విజ్ఞానద్వేషిని కాను. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అని మీసం దువ్వే ముసలివారి జాబితాలో నన్ను చేర్చకండి. హైదరాబాదు అపార్టుమెంట్ల నడుమ, బెంగుళూరు వీధుల్లో ఈ బిళ్ళ వల్ల కుక్కలు దొరికితే సంతోషమే. సిమ్‌కార్డు పెట్టుకొని నిజంగానే ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే మెడపట్టీలూ ఉన్నవి. వాటికి నెలనెలా చందా కట్టాలి, తరచుగా ఛార్జింగు పెట్టాలి, అంతే. వాదం వస్తువుతో కాదు, అది ఉన్నది కనుక మరేమీ అక్కరలేదనే ధీమాతో. తయారుచేసిన ఆపిల్ వారే 2021లో, ఇది వస్తువుల కోసం చేసినది, మనుషుల కోసమూ పెంపుడు జంతువుల కోసమూ కాదని చెప్పారు. తాళంచెవుల గుత్తి పెట్టినచోట ఉంటుంది. కుక్క ఉంటుందా?

ఇక్కడ ఒక మేధావి లేచి, "మాస్టారూ, తప్పిపోయిందని యజమాని గుర్తుపెడితే, బిళ్ళను ఫోనుకు తాకించినవారికి ఫోను నంబరు కనబడుతుంది కదా" అంటాడు. నిజమే, కనబడుతుంది. కాని తాకించాలని తెలిసి ఉండాలి. ఆ ఫోనులో దానికి తగిన సాధనం ఉండాలి, చవక ఫోన్లు చాలావాటిలో ఉండదు. ఇడ్లీబండి ఇల్లాలి చేతిలో ఉన్నది మీటల ఫోను. ఆమెకు చదవడం వచ్చు, అంకెలు నొక్కడం వచ్చు, జాలి ఉన్నది, మూడు రోజుల ఓపిక ఉన్నది. కుక్కను ఇల్లు చేర్చడానికి కావలసినవన్నీ ఉన్న మనిషికి మన బిళ్ళ ఒక్క అక్షరమైనా చెప్పలేదు.

మన పెద్దలు ఆవు మెడలో కట్టిన గంట అందరికీ వినిపించేది. దూడ తప్పిపోతే టముకు వేయించేవారు. చేలో పడిన పశువును బందెలదొడ్డికి తోలేవారు, యజమాని రుసుము కట్టి విడిపించుకునేవాడు. దానికి 1871 నాటి చట్టమే ఉన్నది. అది దయగల ఏర్పాటని నేననను, దొడ్లో మేత లేక డొక్కలు ఎండిన పశువులను చిన్నప్పుడు చూచినవాణ్ణే. కాని తప్పిపోయినది ఊరందరికీ తెలియాలన్న సూత్రం అక్కడ ఉన్నది. ఈనాటికీ గేదె చెవికి సర్కారువారు వేసే పసుపుపచ్చ బిళ్ళ మీద పన్నెండంకెలు పైకి కనబడేలా ఉంటాయి. మన ముద్దుల కుక్క మెడలో వేలు పోసి కట్టినది మాత్రం ఒక్క యజమాని ఫోనుతో గుసగుసలాడుతుంది. ఊరికి అది మూగది.

బ్రిటనులో ఉండే మిత్రులు ఈపాటికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ మాట తలచుకుంటూ ఉంటారు. బియ్యపుగింజంత ఉంటుంది, బ్యాటరీ అక్కరలేదు, పదిహేనంకెల సంఖ్య చెప్తుంది. చోటు చెప్పదు, చదవడానికి వేరే యంత్రం కావాలి. ఇంగ్లండులో కుక్కలకు 2016 నుండి, పిల్లులకు 2024 నుండి అది తప్పనిసరి. అయినా 1992 నాటి ఉత్తర్వు ప్రకారం వీధిలోకి వచ్చిన కుక్క మెడపట్టీ మీద యజమాని పేరూ చిరునామా ఉండితీరాలన్న నియమాన్ని వారు ఎత్తివేయలేదు. చిప్పు వచ్చిందని పేరును చెరపలేదు!

మనకిది వేడుక విషయం కాదు. దీపావళి వెళ్ళిన పదునెనిమిది రోజులకే, నవంబరు 7న, సుప్రీంకోర్టు బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైలుస్టేషన్ల నుండి వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. ఆ ఆదేశపు మంచిచెడ్డలు వేరొక రోజు ముచ్చటిద్దాం. కాని మా సరమ రంగు గోధుమ, జాతి నాటు, కనిపించిన చోటు రైలుస్టేషను. పట్టేవాడి వలకు పెంపుడు కుక్క, వీధికుక్క అన్న భేదం దేనివల్ల తెలియాలి? వాడూ తాయెత్తే అనుకుంటాడు. పైగా మనం పటం వంక చూస్తూ కూర్చుంటాం.

మనది మరీ విచిత్రమైన జాతి. పెళ్ళివారింటికి ఎరువిచ్చిన చెంబు తిరిగి రావాలని చెంబు మీద పేరు కొట్టిస్తాం. గరిటె మీద ఇంటిపేరు, గ్లాసు మీద పొడి అక్షరాలు, మూత మీద పెళ్ళి తేదీ! పదేళ్ళు వాకిట కాపలా కాసే ప్రాణికి మాత్రం నంబరు రాయించడం నామోషీ. "మెడపట్టీ అందం చెడుతుంది" అన్నవారిని నేనెరుగుదును. "నంబరు ఊరందరికీ తెలుస్తుంది" అన్నవారినీ ఎరుగుదును. ఆ నంబరే కదా మన స్కూటరు కొన్నవాడికీ, బట్టలకొట్టువాడికీ, లక్కీడ్రా డబ్బాలోనూ వ్రాసి ఇచ్చాము?

సరమను తెచ్చుకున్న సాయంకాలమే పాత్రలకొట్టుకు వెళ్ళి చిన్న ఇత్తడి రేకు ఒకటి తీసుకున్నాను. పేర్లు కొట్టే అబ్బాయి, "ఏ గిన్నెకు అతికించాలండీ?" అన్నాడు. కుక్కకు అన్నాను. వాడు నవ్వలేదు, తమ కుక్క కిందటేడు ఇలాగే పోయి మళ్ళీ రాలేదన్నాడు. నా పేరు, వీధి పేరు, పదంకెలు కొట్టి, కన్నం వేసి, అంచులు గీసుకోకుండా ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు. డబ్బు ఎంతకూ పుచ్చుకోలేదు.

జాడబిళ్ళను తీసివేయలేదు, తీస్తే అబ్బాయి నొచ్చుకుంటాడు. సరమ నడుస్తుంటే రేకూ బిళ్ళా ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నవి. మా ఆవిడకు ఆ చప్పుడు కిచకిచలకంటె నయమట.