అవతలి గట్టు

ఆ మధ్య హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఆబిడ్సులో ఆదివారం పేవుమెంటు మీద పరిచిన పాత పుస్తకాల్లో నాకొక పిల్లి దొరికింది. పేరు ఆర్లాండో. నారింజరంగు పిల్లి, భార్యా, ముగ్గురు పిల్లలూ గల సంసారి. కాథ్లీన్ హేల్ అనే ఇంగ్లీషావిడ తన ఇద్దరు కొడుకుల కోసం కల్పించిన పిల్లి అది. మొదటి పుస్తకం 1938లో వచ్చింది. నాకు దొరికింది 1952 నాటిది. అందులో పిల్లిగారు సకుటుంబంగా సముద్రతీరానికి వెళతారు.

దాన్ని బోనకల్‌లో మా చెల్లెలింటికి పట్టుకెళ్ళి, నాలుగేళ్ళ మేనకోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. తెలుగు ఎం.ఏ. ఊరుకుంటుందా? "అనగా ఒక మార్జాలము..." అని మొదలుపెట్టాను. పిల్ల అక్షరాల మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"నువ్వు చదవకు మామయ్యా. బొమ్మ చూడనీ. ఇదేమిటి?"

"సముద్రం. సాగరమని కూడా అంటారు."

"మన సాగర్ కాలువా?"

తప్పు దానిది కాదు. నాగార్జునసాగర్ కాలువలకు తొలిసారి నీళ్ళు వదిలింది 1967లో. ఆ ఎడమ కాలువ నీళ్ళు పారే ఊళ్ళలో సాగర్ అంటే కాలువే.

"ఎండాకాలం అక్కడ కూడా కాలువ కట్టేస్తారా?"

అబ్ధి, అకూపారం, పారావారం అంటూ అమరకోశం వల్లెవేసినవాణ్ణి. ఒక్క మాటా అక్కరకు రాలేదు. ఈలోగా అదే బొమ్మ మీదికి వంగి, "అవతలి గట్టు గియ్యటం మర్చిపోయారు" అంది.

"మర్చిపోలేదమ్మా. సముద్రానికి అవతలి గట్టు కనపడదు."

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "మరి పిల్లికి భయం వెయ్యదూ?" అంది.

సముద్రం దానికి అర్థమైపోయింది.

మా బావగారు మాత్రం పెదవి విరిచారు. "అక్షరాలు దిద్దే వయసులో ఈ బొమ్మలెందుకు, బావగారూ?"

నేను ఎదురు చెప్పలేదు. చెప్పే అర్హత నాకు లేదు. మావాడు ఆ వయసులో బొమ్మల పుస్తకం కావాలని ఏడిస్తే, పెద్ద బాలశిక్ష కొనిచ్చి, రోజుకో పేజీ ఒప్పజెప్పించుకున్నాను. వాడిప్పుడు ఇంటరు చదువుతున్నాడు. తెలుగు పుస్తకం చూస్తే లేచిపోతాడు. పదిమంది పిల్లలకు తెలుగు చెప్పే నేను, ఇంట్లో ఒక్కడికి దాన్ని చేదు చేశాను.

మనకు బొమ్మలు లేక కాదు. 1947 జులైలో మొదలైన 'చందమామ' బొమ్మల కోసం ఇంటిల్లిపాదీ పోటీపడిన రోజులున్నాయి. ఇప్పుడు 'చందమామ' రాకపోయినా, సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వంటివారు తెలుగులో చక్కని బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. కొనివ్వండి. కొన్నాక మాత్రం పాఠం చెప్పకండి. పక్కన కూర్చోండి, చాలు.

ఆర్లాండో ఇప్పుడు బోనకల్‌లోనే ఉంది. అట్ట ఊడిందనీ, రెండు పేజీలు చిరిగాయనీ మొన్న చెల్లెలు ఫోనులో నొచ్చుకుంది.

చిరగనీ అన్నాను. మావాడి పెద్ద బాలశిక్ష ఈనాటికీ కొత్తదానిలా ఉంది.