రోడ్డు ఊరిది, బిల్లు ఎవరిది?

వీధికి రోడ్డు, కాలువ వేసి ఆ ఖర్చులో కొంత ఆ వీధి ఇళ్లవాళ్ల నుంచే రాబట్టాలన్న మాట వినగానే కొత్త దోపిడీ ఏదో మొదలైందని ఉలిక్కిపడతాం. నిజానికిది తాతల నాటి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1920లో వచ్చిన జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనే ఈ ఏర్పాటుంది. ప్రైవేటు వీధిని చదును చేసి, కంకర పరిచి, మురుగు కాలువ తీయమని ఆ వీధి వైపు ఇళ్లూ స్థలాలూ ఉన్న యజమానులకు నోటీసు ఇవ్వచ్చు. వాళ్లు చేయకపోతే మునిసిపాలిటీయే చేయించి ఖర్చు వసూలు చేసుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన పట్టణ ప్రణాళిక చట్టం, పథకం వల్ల స్థలం విలువ పెరిగితే అందులో వాటా అడిగే హక్కు కూడా పురపాలక సంఘానికి ఇచ్చింది. ఇవాళ జనానికి తెలిసిన రూపం మాత్రం ఒక్కటే. అనుమతి లేని లేఅవుటులో స్థలం కొన్నవాళ్లు ఇంటి ప్లానుకు వెళ్లినప్పుడు కట్టే బెటర్‌మెంట్ చార్జీ. కట్టినవాళ్లను అడిగి చూడండి. ఆ డబ్బుతో తమ వీధికి ఫలానాది వచ్చిందని చెప్పగలిగేవాళ్లు అరుదు.

సూత్రంగా చూస్తే ఇందులో అన్యాయం లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల భూముల ధర పెరగడంలో యజమాని చెమటేమీ లేదు, ప్రజల సొమ్ముంది. అందులో కొంత ప్రజలకు తిరిగి రావడం ధర్మమే. కొలంబియా 1921 నుంచి ఇలాంటి వసూలు చేస్తోంది. గుజరాత్ పట్టణ ప్రణాళిక పథకాల్లో పెరిగిన విలువలో సగం వరకూ తీసుకునే వీలుంది. సూత్రం బాగానే ఉంది, దాన్ని ఏ వీధిలో, ఎవరి మీద ప్రయోగిస్తామన్నదే చిక్కు.

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వరకూ ఉన్న దారినే తీసుకోండి. పైడితల్లి సిరిమానోత్సవం నాడు ఆ దారి మొత్తం ఉత్తరాంధ్రది. మిగతా రోజుల్లోనూ చుట్టుపక్కల పల్లెల వాళ్లు బేరాలకూ ఆసుపత్రులకూ కాలేజీలకూ దాని మీదే తిరుగుతారు. అలాంటి రోడ్డు బాగుచేసి, దాని మీద గుమ్మం ఉన్న పాపానికి బిల్లు కట్టమంటే ఒప్పుకోవడం కష్టం. శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు సంగతీ అంతే. రథసప్తమికి వచ్చే లక్షల పాదాల ఖర్చు ఆ రోడ్డు పక్క ఇంటివాళ్లది ఎలా అవుతుంది? పైగా బాగుచేయడం అంటే ఏమిటో తేల్చేదెవరు? 2020 మేలో విజయనగరంలో సుందరీకరణ పేరుతో మూడు లాంతర్ల కట్టడాన్నే పడగొట్టారు. అక్కడి రాజకుటుంబానికి చెందిన అశోక్ గజపతిరాజు సహా ఊళ్లో చాలామంది మండిపడ్డారు. అలాంటి బాగుకు అక్కడి దుకాణదారుల దగ్గర చందా అడిగి ఉంటే ఎలా ఉండేదో!

లోపలి వీధుల లెక్క వేరు. నలభై ఇళ్లున్న వీధికి సిమెంటు రోడ్డు, కాలువ వస్తే దాదాపు పూర్తి లాభం ఆ నలభై ఇళ్లదే. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు తగ్గడం, అద్దె పెరగడం, ఖాళీ స్థలం రేటు ఎగరడం అన్నీ అక్కడే కనిపిస్తాయి. వాటా అడగదలిస్తే ఇక్కడ అడగాలి. అందులోనూ ఖాళీ ప్లాట్లవాళ్లను ముందు అడగాలి. విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ, తుప్పలు పెరగనిచ్చి, రేటు కోసం చూసే యజమానికి వీధి రోడ్డు కంటే పెద్ద బహుమతి లేదు.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ అనే ఊళ్లో బేకర్ అనే ఆవిడ స్థలం మధ్య నుంచి వీధి తీశారు. స్థలానికి పరిహారం ఇచ్చి, ఆ పరిహారంతో పాటు కోర్టు ఖర్చులనూ మిగిలిన స్థలం మీద చార్జీగా వేశారు. ఆవిడ సొమ్ముతో ఆవిడ స్థలాన్నే కొన్నట్టయింది. 1898లో ఆ దేశపు సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. కలిగిన లాభాన్ని బాగా మించి వసూలు చేస్తే, ఆ మించినంత మేరా పరిహారం లేకుండా ఆస్తి లాక్కున్నట్టే అంది. మన దగ్గర వరండా, ముందు గది పోగొట్టుకున్నవాళ్ల చేతిలో టీడీఆర్ బాండు, అంటే అదనంగా కట్టుకునే హక్కును అమ్ముకోగల పత్రం, పెడతారు. విశాఖలో బిల్డర్లు దాన్ని కొంటారేమో గానీ, అదనపు అంతస్తులకు గిరాకీ తక్కువున్న శ్రీకాకుళంలో కొనేవాళ్ల కోసం వెతుక్కోవాలి. అలా నష్టపోయిన ఇంటికి మళ్లీ వాటా నోటీసు పంపితే అది బేకర్ కథే.

ఆస్తిపన్ను సంగతి కూడా చూడాలి. 2020 చివర్లో చట్టం మార్చి, అద్దె విలువ స్థానంలో మూలధన విలువను పెట్టారు. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, మిగతా కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా. ఆ విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ రేట్లు. వీధి బాగుపడితే రిజిస్ట్రేషన్ రేటు పెరుగుతుంది, దాంతో పన్నూ పెరుగుతుంది. అంటే వాటా వసూలు ఇప్పటికే నడుస్తోంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి వల్ల అది నెమ్మదిగా వస్తుందని అధికారులు వాదించవచ్చు. కాదనను. అలాంటప్పుడు ముందుగా తీసుకున్న వాటాను తర్వాతి పన్ను పెంపులో తగ్గించి చూపాలి. రెండూ పూర్తిగా తీసుకుంటే ఒకే లాభం మీద రెండుసార్లు వసూలు.

అద్దెకున్నవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. రోడ్డు తవ్వినన్నాళ్లూ దుమ్ము తిని బేరాలు పోగొట్టుకునేది దుకాణం నడిపేవారు. పని అయ్యాక అద్దె పెంచేది యజమాని. చార్జీ యజమాని పేరునే ఉన్నా, చివరికి అద్దె చిట్టాలో తేలుతుంది.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి శ్రీకాకుళంలో ఉంది. ఆ ఊరికి విజయనగరంతో పాటే 2015లో కార్పొరేషన్ హోదా వచ్చింది. 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికల్లో విజయనగరం ఓటేసింది, శ్రీకాకుళం వేయలేదు. 2010లో పాలకవర్గం గడువు ముగిశాక ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఆస్తిపన్నుకు రాష్ట్ర చట్టం అండ ఉందనుకోవచ్చు. ఫలానా వీధివాళ్లు ఇంత ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం ఆ వార్డు మనిషి, ఆ వీధిలో నిలబడి సమాధానం చెప్పాల్సిన మనిషి, చేయెత్తి చేయాల్సినది. కౌన్సిల్ లేని ఊళ్లో ఇలాంటి వసూలు మొదలుపెట్టే నైతిక హక్కు ఏ అధికారికీ లేదని నా అభిప్రాయం. చెత్త పన్ను గతి మరిచిపోయే కాలం కాలేదు. 2021లో మొదలుపెట్టారు, జనం ఛీకొట్టారు, ప్రభుత్వం మారాక 2024లో ఎత్తేశారు. జర్మనీలో బవేరియా రాష్ట్రం కూడా ఇళ్లవాళ్ల మీద వేసే రోడ్డు చార్జీలను 2018లో రద్దు చేసింది.

ఎన్నికైన కౌన్సిల్ ఉన్నచోట లోపలి వీధులతో మొదలుపెట్టవచ్చు. పనికి ముందే అంచనా కాగితం ఇంటింటికీ ఇచ్చి, సగానికి పైగా యజమానులు సంతకం పెట్టాకే టెండరు పిలవాలి. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, సాధారణ నిధిలో కలిపితే జీతాలకో కరెంటు బిల్లులకో పోతుంది. వీధిలో ఉన్న ప్రభుత్వ ఆఫీసులు కూడా తమ వాటా వేయాలి. ఇల్లు ఉన్నా ఆదాయం లేని వాళ్లు, పింఛను మీద బతికే వితంతువులు ఇప్పుడేమీ కట్టక్కర్లేకుండా, ఆ మొత్తాన్ని ఆస్తి మీద రాసి ఉంచి, అమ్మి రిజిస్ట్రేషన్ చేయించిన రోజున వసూలు చేసుకోవాలి. పెరిగిన విలువ చేతికి డబ్బుగా అందేది ఆ రోజే.