చవక మందు వెనుక కష్టం

మందుల షాపులో బిల్లు చూసి ఉస్సూరుమంటాం. ఆ ధర తగ్గాలంటే ముందు ప్రయోగశాలలో ఎవరో శ్రమించాలన్న సంగతి మనకు తట్టదు.

గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఎ.వి.రామారావు గారి కృషే చూడండి. హెచ్‌ఐవీకి తొలి మందు జిడోవుడిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ దాని ధర సామాన్యుడికి అందనంత! అప్పుడు హైదరాబాద్‌ ఐఐసీటీ డైరెక్టరుగా ఉన్న ఆయన, దాన్ని తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతిని రూపొందించారు. 1990ల తొలినాళ్లలో సిప్లా ఆ పద్ధతితోనే మందును చవగ్గా తెచ్చింది.

సేంద్రియ సంశ్లేషణ అంటే చిన్న అణువులను దశలవారీగా కలుపుతూ మందు అణువును కట్టడం. ఒక్క దశ తగ్గినా, ఖరీదైన ముడిసరుకుకు బదులు చవకది కుదిరినా తయారీ ఖర్చు దిగుతుంది. అందులో నాణ్యత తగ్గించడమన్న మాటే లేదు.

కాబట్టి చవకైనంత మాత్రాన మందును చిన్నచూపు చూడకండి. బీపీకైనా, షుగరుకైనా ధర భారమైతే మాత్రలు మధ్యలో మానేయకండి, రోజు విడిచి రోజు వేసుకోకండి. ‘ఇందులో జనరిక్‌ ఉందా?’ అని మీ డాక్టరును మొహమాటం లేకుండా అడగండి. ఆ శాస్త్రవేత్తల శ్రమ మీ ఇంటిదాకా చేరేది అప్పుడే.