ఉమ్మడి కాపురంలో జమాఖర్చులు

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి జమాఖర్చుల పుస్తకం చేతికి రావడం ఒక యోగం. విశ్వవిద్యాలయంలోని మా భాషాకేంద్రం ఇకమీదట తన ఖర్చు తానే సంపాదించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మేష్టర్ల జీతాలు, కరెంటు బిల్లు, చివరికి సుద్దముక్కలు కూడా ఫీజుల్లోంచే రావాలి. ఆ నిర్వాహకం నాకు అప్పగించారు.

మా ఇంట్లో సంపాదించే పెద్దకొడుకు జర్మన్. నర్సుగా జర్మనీ వెళ్లదలచిన అమ్మాయిని అక్కడివారు సాధారణంగా బి2 దాకా చదివి రమ్మంటారు. అక్కడున్న భర్త దగ్గరికి కాపురానికి వెళ్లే కొత్త కోడలు సైతం, కొన్ని మినహాయింపులు పోగా, ఏ1 నెగ్గాలి. ఇక సాయంత్రం తరగతిలో బెంచీలు చాలుతాయా?

తెలుగు నేర్చుకునేవారు ఆరుగురు. అందరూ బదిలీల మీద వచ్చిన పై రాష్ట్రాలవారే. వారి ఫీజు మేష్టారి జీతంలో మూడోవంతుకు కూడా రాదు. “నష్టం వచ్చే తరగతి మూసెయ్యండి” అన్నారు లెక్కలు చూసే పెద్దమనిషి. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షలమంది మాతృభాషగా రాయించుకున్న భాష అండీ ఇది!

బ్రౌనుదొర కడపలో బంగళా కొని, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి, తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. అప్పులూ చేశాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. ఏటికేడూ లాభం చూపించమంటే ఆయన ఏం చూపించేవాడు? ఆ బంగళా ఉన్నచోటే ఇవాళ ఆయన పేర గ్రంథాలయం ఉంది. అలాగని మమ్మల్ని అప్పు చెయ్యమంటే కుదరదు. దొరగారి జీతం మాకెక్కడిది!

“మా పిల్లల ఫీజు మీ తెలుగుకెందుకు మాస్టారూ?” అన్నారు జర్మన్ టీచరుగారు. న్యాయమైన ప్రశ్న. ఆవిడకు మేమిచ్చేది గంటల లెక్కన కూలి. ముందు అది పెంచాను. అప్పుడు కమిటీకి రాశాను: తరగతికొక లెక్క వద్దు, కేంద్రానికంతటికీ ఒకే లెక్క ఉండాలి, ఆర్నెల్ల జీతాలు నిలవ పెట్టాకే మిగిలినది పంచుకోవాలి. వీసా నిబంధన ఒకటి మారితే పెద్దకొడుకు సంపాదనా పడిపోతుంది మరి. ఈ మాట నెలాఖరున ఇల్లు గడిపే ఇల్లాళ్లకు చెప్పనక్కరలేదు, కమిటీకి మాత్రం మూడుసార్లు చెప్పవలసివచ్చింది.

వచ్చే జూన్ దాకా గడువిచ్చారు. ఈలోగా తెలుగు తరగతిని ఆదివారం ఉదయానికి మార్చాను. బ్యాంకు ఉద్యోగులు మరో నలుగురు చేరారు.