ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ సంపాదకులకు పిడుగురాళ్ల నుండి బహిరంగ లేఖ



1913లో ఆరంభమై నేటికిని భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున వెలువడుచున్న మీ పత్రికకును, పత్తియు మిరపయు పండు మా నల్లరేగడి నేలలకును గల సంబంధము మీ కార్యాలయమున ఎందరికి జ్ఞప్తియందున్నను లేకున్నను, ఈ ప్రాంతమున వైద్యము చేయు నావంటి వారు దానిని మరువజాలరు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నుండిన కాలమున, అచటి పల్లెలలో పండ్లకు గారపట్టి, నడుము బిగిసి, మెడ త్రిప్పలేని స్థితికి వచ్చిన జనులను గూర్చి షార్ట్, పండిత్, రాఘవాచారి గారలు 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక పత్రమును ప్రకటించిరి. చెన్నరాజధానిలోని ఆ ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చియే షార్ట్ గారును మరి మువ్వురును వ్రాసిన మరియొక పత్రమును ఆ యేడే మీ పత్రిక అచ్చువేసెను. 1940లో పండిత్ ప్రభృతులు చేసిన విపుల పరిశీలనమునకును మీరే తావిచ్చితిరి. ఆ పండిత్ గారే తదనంతరము మీ మండలికి తొలి డైరెక్టరైరి.

ఆ వ్యాధి 1937లో పుట్టినది కాదు. అంతకు పూర్వమే ఆ బావుల నీరు త్రాగినవారికి దాని బాధ తెలియును. ఐనను వారికి తెలిసినది రాజ్యమునకు తెలియుటకు, నీటిలోని ఫ్లోరైడును కొలిచి, పండ్లను ఎముకలను పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, లెక్కలతో వ్రాసిన కాగితములు కావలసివచ్చెను. వైద్యపత్రికకు పంపు వ్రాతప్రతి నాకు పదవికొరకు సమకూర్చుకొను ఆభరణముగా ఎన్నడును తోపలేదు. నోరులేనివారి పక్షమున వైద్యుడు ఇచ్చు వాఙ్మూలముగానే దానిని నేను గౌరవింతును.

నేడు మా యూరి చుట్టును సున్నపు బట్టీలున్నవి. ఆ ధూళిలో పనిచేసి కండ్లు మండి వచ్చువారు, దగ్గుతో వచ్చువారు, తడిసున్నము తగిలి చర్మము కాలినవారు, పత్తికి మందు కొట్టి తలతిరిగి చెమటలతో వచ్చువారు, మిరపకాయలకు తొడిమలు తీసి ఊపిరాడక వచ్చు స్త్రీలు, మా ఆసుపత్రుల గడప త్రొక్కుచునే యున్నారు. వీరిని గూర్చి మీకు ఏల వ్రాయరాదని ఎవరైన నన్నడిగినచో, వ్రాతప్రతి బల్లముందు కూర్చుండిననాడు మొదలుకాదనియు, రోగి వచ్చిన రాత్రి నింపిన కేసుషీటుతోనే మొదలగుననియు, అచ్చటనే మేము ఓడిపోవుచున్నామనియు చెప్పవలసియున్నది.

వరంగల్లు ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో 1997 మొదలు 2002 వరకు పురుగుమందు విషముతో చేరిన 8,040 మంది వివరములను కూర్చి కొందరు వైద్యులు 2005లో ట్రాపికల్ మెడిసిన్ అండ్ ఇంటర్నేషనల్ హెల్త్ అను పత్రికలో ప్రకటించిరి. అందు నూటికి ఇరువది ఇద్దరికి పైగా మరణించిరనియు, 2002లో మందు పేరు తెలిసిన మరణములలో అధికభాగమునకు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అను రెండే కారణములనియు తేలినది. ఈ రెండవ వాక్యము వ్రాయగలుగుటకు, ఆయా రాత్రులలో విధినిర్వహణమందున్న ఎవరో ఒక వైద్యుడు, రోగి బంధువు తెచ్చిన డబ్బా మీది పేరు చదివి కేసుషీటులో ఎక్కించియుండవలెను. అట్లు ఎక్కింపని చోట మనకు మిగులునది “గుర్తుతెలియని విషము” అను మాట. దానిపై ఏ పట్టికయు నిలువదు, ఏ ప్రభుత్వమును ఏ మందును నిషేధింపజాలదు. మందు పేరు, త్రాగినదో చర్మముపై పడినదో అను వివరము, ఆసుపత్రి చేరుటకు పట్టిన గంటలు, ఎక్కించిన అట్రోపిన్ మోతాదు, ఈ నాలుగును ప్రతి చిన్న ఆసుపత్రిలో నియమముగా వ్రాయబడినచో, పల్నాటి నుండి మీకు వచ్చు వ్రాతప్రతులకు కొదవయుండదు.

అంతకన్న దుస్తరమైన లోటు వేరొకటి కలదు. “గుంటూరుకు వ్రాసినాము” అని మేము పంపివేసిన రోగి అటుపై జీవించెనో మరణించెనో మా పుస్తకములలో ఉండదు. బరువైన రోగములవారే అటు పోవుదురు గనుక, మిగిలినవారిని మాత్రమే లెక్కించి వ్రాసిన పత్రము, మా యూర మరణములు స్వల్పమను అసత్యమును సత్యమువలె పలుకును. బట్టీల విషయమును అంతియే. దగ్గుతో వచ్చిన పదిమందిని ఎంత శ్రద్ధగా వర్ణించినను, అదే బట్టీలో అదే పనిచేసి దగ్గులేకయున్నవారెందరో తెలియనిచో, సున్నమును నిందించుటకు మాకు అధికారము లేదు. పరిశీలనాత్మక పత్రములకై ఏర్పడిన స్ట్రోబ్ అను ప్రశ్నావళి, అర్హులెందరు, చేరినవారెందరు, నడుమ తప్పిపోయినవారెందరు అని అడుగుట విదేశీయుల వేధింపుగా నా సహవైద్యులు కొందరు భావింతురు. నాకు మాత్రము అది రోగికి జరుగవలసిన న్యాయముగా తోచును.

చిన్న పరిశీలనమునకు విలువలేదను నిరుత్సాహమును కూడ మీరు తొలగింపవలయును. 1897 ఆగస్టులో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తము త్రాగిన దోమల కడుపులలో చూచిన దానిని, ఆ డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినపుడు, శీర్షికలోనే “రెండు దోమలు” అని సంఖ్యను చెప్పెను; తాను చూచినవి మలేరియా క్రిములేయని చాటక, విచిత్రమైన వర్ణకణములని మాత్రమే పేర్కొనెను; తోటి వైద్యాధికారి స్మిత్ తానును వానిని చూచితినని వ్రాసిన టిప్పణమును జతపరచెను. ఉపోద్ఘాతము, పద్ధతి, ఫలితములు, చర్చ అను నాలుగు భాగముల నేటి క్రమమును మా యువవైద్యులకు నేర్పువారు, ఆ మితభాషణమును ముందుగా నేర్పినచో ఎంత బాగుండును!

ఇక నేను కోరునది. పరిశోధన ఆరంభింపకముందే నైతిక సమితి అనుమతి ఉండవలెనను నియమము సర్వథా శిరోధార్యము. సొంత సమితి లేని సంస్థ, ఒప్పందముపై వేరొక సంస్థ సమితిని ఆశ్రయింపవచ్చునని మీ మండలి 2017 నాటి మార్గదర్శకములలోనే కలదు. కాని పట్టణపు చిన్న ఆసుపత్రి వైద్యుడు ఆ మాటను పట్టుకొని ఏదైన కళాశాలకు పోయినచో, మీరు మా సంస్థకు చెందినవారు కారను సమాధానమే అతనికి లభించును. నేనెరిగిన ఒక యువవైద్యుని ఆలోచన అట్లే గుమాస్తా బల్ల దాటక అణగిపోయినది. ప్రతి జిల్లాలోను ఒక సమితి, ఆ జిల్లా వైద్యులందరి ప్రతిపాదనలను స్వీకరించునట్లు మండలిచేత చేయింపుడు. వాకిలి మూయబడినచోట, మూడు దినములలో అచ్చువేయుదుమని రుసుము గుంజు పత్రికలు మా వైద్యుల ఈ-మెయిళ్లను ముంచెత్తుచున్నవి. హైదరాబాదు కేంద్రముగా అట్టి పత్రికలను నడపిన ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన వ్యాజ్యమున, 2019లో అచటి న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు మించిన చెల్లింపు విధించిన సంగతి తెలుగువారిగా మమ్ము మిగుల బాధించినది.

మీరు తిరస్కరించు వ్రాతప్రతికి, సమీక్షకులకు పంపకయే త్రిప్పిపంపినను, కారణమును రెండు వాక్యములలో తెలుపుడు. ఆ రెండు వాక్యములే పిడుగురాళ్లలో ఒక వైద్యునికి గురువగును. మా జనుల దేహముల నుండి గ్రహించిన ఫలితములను ప్రకటించినపుడు ఒక పుట తెలుగు సారాంశమును జతపరుపుడు. బట్టీలో పనిచేయు మనిషి సమ్మతిపత్రముపై వేలిముద్ర వేసినపుడు, తన నుండి ఏమి తెలిసినదో తనకు చెప్పబడునను నమ్మకముతో వేసెను.

తొలకరికి విత్తిన పత్తికి మందు కొట్టుట మరల ఆరంభమగునంతలో, మొదట ఆ జిల్లా సమితి విషయమునైనను తేల్చి, ప్రతిపాదనలు ఎచ్చటికి పంపవలయునో మాకు తెలియజేయ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక వైద్యుడు,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా.